రోజంతా నవ్వుతూ మాట్లాడాలి... ఇంటికొచ్చేసరికి లోపల ఏమీ మిగలడం లేదు

ప్రశ్న: నా వయసు 31. ఆరేళ్లుగా ఒక కంపెనీ కస్టమర్ కేర్‌లో పనిచేస్తున్నాను. రోజుకు అరవై, డెబ్బై కాల్స్ వస్తాయి. అవతలివాళ్లు తిట్టినా ‘మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్’ అనే చెప్పాలి. గొంతులో నవ్వు వినపడకపోతే మార్కులు తగ్గిస్తారు. ఏడాదిగా పొద్దున లేవగానే దవడలు నొప్పి పెడుతున్నాయి, సాయంత్రానికి తలనొప్పి. ఇప్పుడే విన్న మాట ఇప్పుడే మరచిపోతున్నాను. ఇంట్లో చిన్న విషయానికే అరుస్తున్నాను, లేదంటే ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటున్నాను. మొన్న మా నాలుగేళ్ల బాబు కిందపడి ఏడుస్తూ వస్తే కస్టమర్‌తో మాట్లాడే గొంతుతోనే ఓదార్చాను. లోపల ఏమీ అనిపించలేదు. చాలా భయమేసింది. నటించి నటించి మొద్దుబారిపోయానా? ఇది మానసిక జబ్బా? ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు.

జవాబు: ముందు మీ భయం గురించి మాట్లాడుకుందాం. మీరు మొద్దుబారిపోలేదు. మొద్దుబారినవాళ్లకు ‘బాబు ఏడిస్తే నాకేమీ అనిపించలేదు’ అన్న బాధ ఉండదు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీకున్నది పెద్ద అలసట. మీరు చేస్తున్న పనిలో సగాన్ని ఎవరూ పనిగా లెక్క కట్టకపోవడం వల్ల వచ్చిన అలసట అది.

బరువులు మోసేవాళ్లకు నడుము నొప్పి వస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. కోపం వచ్చినా కనపడనివ్వకుండా, లేని ఉత్సాహాన్ని గొంతులోకి తెచ్చుకుంటూ ఎనిమిది గంటలు కూర్చోవడం కూడా మోతే. అమెరికా సామాజికవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే దీనికి ‘ఎమోషనల్ లేబర్’ అని పేరు పెట్టారు. ఆమె విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లనూ, బాకీలు వసూలు చేసేవాళ్లనూ గమనించారు. ఒకరు ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి, ఇంకొకరు కటువుగా ఉండాలి. ఇద్దరికీ జీతం వచ్చేది మనసులో ఉన్నదాన్ని పక్కనపెట్టి, పనికి కావలసిన భావాన్ని చూపించినందుకే. నర్సులు, టీచర్లు, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు, మా డాక్టర్లు కూడా ఈ కోవలోకే వస్తారు. ఒక రోగికి చెడ్డ వార్త చెప్పి, రెండు నిమిషాల్లో పక్క గదిలో మరొకరిని నవ్వుతూ పలకరించాల్సి వచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. కాబట్టి మీరు రాసింది నాకు కొత్తగా అనిపించలేదు.

ఈ మోత రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, లోపల కోపం కోపంగానే ఉంటే పైకి మాత్రం నవ్వు పెట్టుకోవడం. దీన్ని సర్ఫేస్ యాక్టింగ్ అంటారు. రెండోది, అవతలి మనిషి ఏ కష్టంలో ఫోన్ చేశాడో ఒక్క క్షణం ఊహించుకుని, లోపలి కోపాన్నే కొంచెం తగ్గించుకుని మాట్లాడటం. ఇది డీప్ యాక్టింగ్. మనిషిని ఎక్కువగా పిండేసేది మొదటిదేనని చాలా పరిశోధనల్లో తేలింది. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే మనస్తత్వవేత్తలు 1990లలో కొందరికి మనసు కలతపెట్టే దృశ్యాలు చూపించి, ముఖంలో ఏమీ కనపడనివ్వద్దన్నారు. వాళ్ల ముఖాలు మామూలుగానే కనిపించాయి కానీ లోపలి బాధ తగ్గలేదు. పైగా చెమట పెరగడం, రక్తనాళాలు బిగుసుకోవడం లాంటి ఒత్తిడి గుర్తులు ఎక్కువయ్యాయి. భావాన్ని దాచిపెట్టే ప్రయత్నంలో ఉన్నప్పుడు విన్న మాటలు సరిగా గుర్తుండవని తర్వాతి ప్రయోగాల్లో తెలిసింది. మీ మతిమరుపుకు ఇదొక కారణం కావచ్చు. మెదడులో కొంత భాగం రోజంతా కాపలా పనిలోనే ఉండిపోతోంది.

ఇక ఇది జబ్బా అంటే, దీర్ఘకాలం తగ్గని పని ఒత్తిడి వల్ల వచ్చే ఈ స్థితిని బర్నవుట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలో జబ్బుగా చేర్చలేదు, పనికి సంబంధించిన సమస్యగానే గుర్తించింది. అయితే డిప్రెషన్ కూడా కొన్నిసార్లు ఇలాగే మొదలవుతుంది. రెంటినీ విడదీయడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది. సెలవు రోజున, ఫోన్ మోగని రోజున మీకు కొంచెమైనా తేలికగా ఉంటోందా? ఉంటే చాలావరకు పని ఒత్తిడే. సెలవు రోజుల్లో కూడా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ చెడిపోవడం రెండు వారాలకు మించి ఉంటే సైకియాట్రిస్ట్‌ను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఇంట్లో ఒకరికి చెప్పి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలాగూ ఒకసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. వీటిలో తేడా ఉన్నా నీరసం, చిరాకు, మతిమరుపు ఉంటాయి.

దవడ నొప్పిని చిన్నదని వదిలేయకండి. అనలేని మాటల్ని పళ్ల బిగువున ఆపుకునేవాళ్లలో కొందరు నిద్రలో కూడా పళ్లు కొరుకుతారు. లేవగానే దవడ నొప్పి ఉందంటే మొదట అనుమానించేది అదే. డెంటిస్ట్‌కు చూపిస్తే పళ్లు అరిగాయో లేదో చెబుతారు, అవసరమైతే రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు (గార్డ్) ఇస్తారు. పగలు మాత్రం ఒకటి అలవాటు చేసుకోండి: పెదవులు కలిసే ఉండాలి, పళ్లు మాత్రం తాకకూడదు. కాల్‌కూ కాల్‌కూ మధ్య ఒకసారి చూసుకుంటే చాలు.

పనిచేసే చోట ఏం చేయాలి? తిట్లు పడ్డ కాల్ తర్వాత వెంటనే తర్వాతి కాల్ తీసుకోకుండా, కుదిరితే ఒక నిమిషం ఆగండి. గాలి పీల్చినదానికన్నా వదలడం ఎక్కువసేపు ఉండేలా నాలుగైదు శ్వాసలు తీసుకోండి. ఆ నిమిషంలో లోపల ఉన్నదానికి పేరు పెట్టండి. ‘నాకు అవమానంగా ఉంది’, ‘కోపం వచ్చింది’ అని కాగితం మీద ఒక్క ముక్క రాసి చింపేసినా సరే. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ పేరు పెట్టిన భావం పేరు లేని భావం అంతగా వెంటాడదు. పక్క సీటులో నమ్మకమైన మనిషి ఉంటే, బ్రేక్‌లో ఆ మాటలు చెప్పుకోండి. నవ్వు లేని ముఖంతో కూర్చోగలిగిన పది నిమిషాలు మీకు మందుతో సమానం.

ఇలా రాస్తున్నానని భారమంతా మీ మీదే వేయడం నా ఉద్దేశం కాదు. బూతులు తిట్టే కస్టమర్‌ను రెండుసార్లు హెచ్చరించి కాల్ కట్ చేసే హక్కు, కష్టమైన కాల్ తర్వాత కొద్ది విరామం, చదివించే స్క్రిప్ట్‌లో సొంత మాట కలుపుకునే వెసులుబాటు యాజమాన్యం ఇవ్వాల్సినవి. మాట్లాడే తీరు మీద తమకు కొంత అదుపు ఉన్నచోట ఉద్యోగులు తక్కువ అలసిపోతారు. టీమ్ లీడ్‌తో ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడండి. దవడ నొప్పి, తలనొప్పి గురించి డాక్టర్ రాసిన కాగితం ఉంటే చూపించండి. కాల్స్ లేని పనికి, ఈమెయిల్ విభాగానికో శిక్షణకో, కొన్ని నెలలు మార్చమని అడగడంలో తప్పు లేదు.

ఇంటికి వెళ్లగానే పది, పదిహేను నిమిషాలు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని సమయం కావాలని ఇంట్లోవాళ్లతో ముందే చెప్పి పెట్టుకోండి. బట్టలు మార్చుకుని, ముఖం కడుక్కుని, ఊరికే కూర్చోండి. ఆ తర్వాత బాబు దగ్గరికి వెళ్లండి. అక్కడా ఉత్సాహం తెచ్చిపెట్టుకోవద్దు. ‘అమ్మ ఇవాళ బాగా అలసిపోయింది నాన్నా, నీ పక్కనే పడుకుని వింటాను, నువ్వు చెప్పు’ అనండి. నాలుగేళ్ల పిల్లలకు ఆ మాట అర్థమవుతుంది. ఆరు వారాలు ఇలా చేసి చూసి, దవడ నొప్పి, నిద్ర ఎలా ఉన్నాయో, సెలవు రోజు మనసెలా ఉందో మళ్లీ రాయండి.