రెండు రూపాయల వడ్డీలోనే ఉంది ఆ ‘కె’

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మిశ్రమానుపాతం లెక్కలంటే చాలు, టెన్షన్ పడిపోతోంది. కూలీలు, రోజులు, ఎకరాలు అని మూడూ ఒకేసారి వస్తే ఎక్కడ గుణించాలో ఎక్కడ భాగించాలో తేల్చుకోలేదు. ట్యూషన్‌లో పైకీ కిందికీ బాణాలు వేయమన్నారట. వేస్తుంది గానీ సగంసార్లు తప్పే వస్తోంది. ఇక ‘జెడ్ అనేది ఎక్స్, వై రెండింటితోనూ అనులోమానుపాతంలో ఉంది. ఎక్స్ 3, వై 4 అయినప్పుడు జెడ్ 60. ఎక్స్ 5, వై 2 అయితే జెడ్ ఎంత?’ అని అక్షరాలతో ఇస్తే అసలు మొదలే పెట్టదు. నేను ఇంటర్‌తో ఆపేశాను. దానికి ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు పుస్తకం మూసేసి పాపను ఒక్కటే అడగండి. ‘రెండు రూపాయల వడ్డీకి వెయ్యి తెచ్చుకుంటే ఐదు నెలలకు వడ్డీ ఎంత?’ నూటికి నెలకు రెండు, వెయ్యికి ఇరవై, ఐదు నెలలకు వంద. వేళ్ల మీదే చెప్పేస్తుంది. తను ఇప్పుడు చేసింది మిశ్రమానుపాతం లెక్కేనని అప్పుడు చెప్పండి.

మా నాయనమ్మకు సంతకం రాదు. నోటు మీద వేలిముద్రే. కానీ మూడు వేల ఐదు వందలకు, రూపాయిన్నర వడ్డీకి, ఏడు నెలలకు ఎంతంటే అరుగు మీద కూర్చునే చెప్పేది: ‘నూటికి ఏడు నెలలకు పదిన్నర. ముప్పై ఐదు నూర్లకు మూడు వందల అరవై ఏడున్నర.’ అసలు పెరిగినా వడ్డీ పెరుగుతుంది, నెలలు పెరిగినా పెరుగుతుంది, మారనిది ఆ రూపాయిన్నరే అని ఆవిడకు తెలుసు. ఆ మారని సంఖ్యనే మనం అనుపాత స్థిరాంకం అంటాం, ‘కె’ అని రాస్తాం. రెండు రూపాయల వడ్డీ అంటే రూపాయికి నెలకు రెండు పైసలు. కాబట్టి వడ్డీ = 0.02 × అసలు × నెలలు. (బారువడ్డీకే సుమా. చక్రవడ్డీలో కాలం రెట్టింపయితే వడ్డీ రెట్టింపు కన్నా ఎక్కువవుతుంది.)

ఇప్పుడు మీరు రాసిన లెక్క. మొదటి వరుస ఎప్పుడూ ఇదే: జెడ్ = కె × ఎక్స్ × వై. తెలిసినవి వేస్తే 60 = కె × 12, కె = 5. ఇక 5 × 5 × 2 = 50. అంతే.

‘రెండింటితోనూ’ అన్నారు కదా, ఎక్స్‌నీ వైనీ కూడితే ఏం అని తను అడగొచ్చు. చాలామంది పిల్లలు అడగకుండానే కూడేస్తారు, అందుకని అడిగితే సంతోషించండి. అప్పు తెచ్చిన క్షణాన్నే తిరిగి ఇచ్చేస్తే నెలలు సున్నా, వడ్డీ సున్నా. గుణిస్తే సున్నా వస్తుంది. కూడితే అసలు మిగిలిపోయి, దాని మీద వడ్డీ పడుతుంది. ఇంత చిన్న పరీక్షతో అనుమానం తీరిపోతుంది.

బాణాల పద్ధతి నేనూ పదకొండేళ్లు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. పెరుగుతుందా తగ్గుతుందా అన్నదే బాణం చెబుతుంది. పైగా అడిగేది మారినప్పుడల్లా బాణాలు మళ్లీ వేసుకోవాలి. సంబంధం మాత్రం మారదు. 12 మంది 5 రోజుల్లో 6 ఎకరాలు నాటారు, 9 ఎకరాలు 6 రోజుల్లో నాటాలంటే ఎందరు కావాలి? ఎకరాలు = కె × మనుషులు × రోజులు. 6 = కె × 60, అంటే కె పదో వంతు. మీ వైపు రైతులు ‘ఎకరానికి పది మంది’ అంటారే, అదే ఇది. 9 = పదో వంతు × మనుషులు × 6, మనుషులు 15. విలోమం (ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గడం) గురించి విడిగా ఆలోచించామా? లేదు. మనుషుల్ని ఒక పక్కకు తెచ్చేసరికి రోజులు వాటంతటవే హారంలోకి వెళ్లాయి.

మన పెద్దలు దీన్ని పంచరాశికం అన్నారు. తెలిసిన రాశులు ఐదు, కనుక్కోవలసింది ఆరోది. 1150లో వచ్చిన లీలావతిలో భాస్కరాచార్యుడు ఇచ్చిన లెక్క కూడా వడ్డీదే: నూటికి నెలకు ఐదు చొప్పున, పదహారుకు ఏడాదికి ఎంత? 0.05 × 16 × 12, తొమ్మిదీ అయిదింట మూడు వంతులు. పాపతో చేయించండి.

‘వర్గంతో అనులోమానుపాతంలో’ అనే మాట దగ్గర మాత్రం తొందరపడనివ్వకండి. గుండ్రటి గాదెలో పట్టే ధాన్యం ఎత్తుతోనూ, వ్యాసార్ధం వర్గంతోనూ మారుతుంది. వ్యాసార్ధం రెండింతలు చేసి ఎత్తు సగం చేస్తే? ‘అంతే పడుతుంది’ అంటారు పిల్లలు. నాలుగింతల్లో సగం, అంటే రెండింతలు పడుతుంది.

చివరగా ఒకటి చేయించండి. డ్వాక్రా సంఘాల వాళ్లకు తెలిసిన పావలా వడ్డీకి, అసలు ఏమీ తీర్చకుండా 50,000 మీద 8 నెలలకు ఎంతవుతుందో అడగండి. వెయ్యి రావాలి. రాకపోతే జవాబు దిద్దకండి, మొదటి వరుస చూడండి. కె రాయకుండానే ముందుకు దూకేసి ఉంటుంది.