సెకండ్‌హ్యాండ్ కన్వర్టిబుల్ కొనేముందు కార్పెట్ ఎత్తి చూడండి

పదేళ్లు దాటిన కన్వర్టిబుల్ (రూఫ్ తెరుచుకునే కారు) ఒకటి తక్కువ ధరకు వస్తోంది, ఎలాంటి రిపేర్లు వస్తాయి, ఎక్కడ ఎక్కువ ఖర్చవుతుంది అని అడిగారు. గుడ్డ రూఫ్ ఉన్న రెండు సీట్ల కారు నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. అదీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదే. నేను చూసినంతలో ఈ కార్లకు పెద్ద ఖర్చు తెచ్చేది వాన నీళ్లే. ఇంజిన్ ఆ తర్వాత.

రూఫ్ మీద పడిన వానంతా బయటికే జారిపోతుందని చాలామంది అనుకుంటారు. చాలా మోడళ్లలో కొంత నీరు గుడ్డ అంచు వెంట లోపలికి దిగి, డ్రెయిన్ గొట్టాల గుండా కారు కిందికి పోయేలా దారి పెట్టి ఉంటుంది. ఆ గొట్టాల్లో ఆకులు, మట్టి పేరుకుంటే నీళ్లు తమ దారి తాము వెతుక్కుంటాయి. పాత మజ్దా ఎమ్ఎక్స్-5లలో డోర్ల కింద ఉండే సిల్స్‌లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. బీఎమ్‌డబ్ల్యూ జెడ్4 మొదటి తరంలో రూఫ్‌ను నడిపే పంపు మోటారు సరిగ్గా నీళ్లు నిలిచే చోటే ఉంటుంది, డ్రెయిన్ మూసుకుపోతే అది మునిగి పాడవుతుంది. పోర్షే బాక్స్‌స్టర్ మొదటి తరంలో ఒక కంట్రోల్ యూనిట్ సీటు కిందే ఉంటుంది, కార్పెట్ తడిసి అందులోకి నీళ్లు వెళ్తే కారు స్టార్ట్ కాకుండా మొరాయించవచ్చు.

నా కారులో ఈ సంగతి వాసనతో బయటపడింది. వాన వెలిసిన మర్నాడు తలుపు తీయగానే గుప్పున ముక్కిన వాసన. కార్పెట్ పైపైన ముట్టుకుంటే పొడిగానే ఉంది. సీటు ముందుకు జరిపి, అంచు ఎత్తి, కింది స్పాంజిని వేళ్లతో నొక్కితే నీళ్లు ఊరాయి. సీటు వెనక డ్రెయిన్ రంధ్రంలో గ్లాసుడు నీళ్లు పోస్తే కింద ఒక్క చుక్క పడలేదు. మందపాటి నైలాన్ తీగను మెల్లగా తిప్పుతూ లోపలికి దింపితే నల్లటి బురద, కుళ్లిన ఆకుల పీచు వచ్చాయి. ఆ తర్వాత పోసిన నీళ్లు వెనక చక్రం ముందు ధారగా పడ్డాయి. పెద్దగా ఖర్చు కాలేదు గానీ, స్పాంజి ఆరడానికి సీట్లు, కార్పెట్ అన్నీ విప్పాల్సి వచ్చింది. ఇనుప చువ్వ మాత్రం వాడకండి. గొట్టం చిరిగితే అసలుకే ఎసరు.

కాబట్టి కారు చూడటానికి వెళ్లినప్పుడు అమ్మేవారిని అడిగి రెండు వైపులా ఇదే చేయండి. తర్వాత సిల్స్ కింద చెయ్యి పెట్టి తడమండి, టార్చి వేసి చూడండి. పైన రూఫ్ లేదు కాబట్టి బండి బలమంతా ఫ్లోర్ మీద, ఈ సిల్స్ మీదే ఆధారపడి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. పైకి పెయింట్ చిన్న బుడగలా లేచినా లోపల ఎంత తినేసిందో కోసి చూసేదాకా టింకరింగ్ మేస్త్రీకి కూడా తెలియదు. అందుకే ముందు చెప్పిన అంచనా ఒకటి, చివరి బిల్లు ఒకటి అవుతుంది. సిల్స్‌లో తుప్పున్న కారును ఎంత చవగ్గా ఇచ్చినా నేనైతే తీసుకోను.

రూఫ్ గుడ్డ చిరిగి ఉంటే అంత భయపడక్కర్లేదు. అది ఎలాగూ అరిగేదే. చాలాకాలం వస్తున్న మోడళ్లకు బయటి కంపెనీల గుడ్డలు కూడా దొరుకుతాయి. బిగించే పని నేర్పుతో కూడింది కాబట్టి లేబర్ కూడా గట్టిగానే పడుతుంది, రెండూ కలిపి ధర అడగండి. ప్లాస్టిక్ వెనక అద్దం పచ్చబడుతుంది, చలిలో మడిస్తే పగులుతుంది. ఎమ్ఎక్స్-5కు 1998లో మొదలైన రెండో తరంలో గాజు అద్దం వచ్చింది.

కరెంటు రూఫ్ అయితే మీ ముందే రెండుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో ఆగిపోయినంత మాత్రాన పంపు పోయినట్టు కాదు. బ్యాటరీ వీక్‌గా ఉన్నా, మడిచిన రూఫ్‌కు చోటు వదిలే డిక్కీలోని అడ్డు పలక సరిగ్గా పెట్టకపోయినా, రూఫ్ ఎక్కడుందో కనిపెట్టే చిన్న మైక్రోస్విచ్ ఒకటి పనిచేయకపోయినా, డిక్కీ మూత దగ్గర వైరు తెగినా ఆగుతుంది. ఇవన్నీ చూశాకే పంపు మాట. మెర్సిడెస్ ఎస్ఎల్‌కే లాంటి రేకు రూఫ్ కార్లలో హైడ్రాలిక్ సిలిండర్ల నుంచి ఆయిల్ కారడం మామూలే. కొత్త సిలిండర్ ఖరీదు ఎక్కువ, పాతదానికే ఆయిల్ కారకుండా ఆపే సీల్స్ (రింగులు) మార్చేవాళ్లు దొరికితే చాలా తక్కువలో అయిపోతుంది. అలా మార్చేవాళ్లు ఉన్నారా అని ముందుగా అడగడం వల్ల ఎంతో డబ్బు మిగులుతుంది.

ఇంజిన్ విషయంలో ఒక్క మినహాయింపు చెప్పాలి. 2008 వరకు వచ్చిన బాక్స్‌స్టర్లలో ఇంజిన్ లోపలి ఒక షాఫ్టును పట్టి ఉంచే ఐఎమ్ఎస్ బేరింగ్ అనేది పాడైతే ఇంజినే పోవచ్చు. క్లచ్ మార్చడానికి గేర్‌బాక్స్ దింపినప్పుడే దాన్నీ మార్పిస్తుంటారు, లేబర్ కలిసొస్తుంది. ఆ పని చేయించిన బిల్లు ఉందేమో అడగండి. కొన్నింటిలో ఇంజిన్ విప్పకుండా ఆ బేరింగ్ మార్చడం కుదరదు, అందుకని కారు సంవత్సరం కూడా చూడండి.

మీరు చూస్తున్న మోడల్, సంవత్సరం, రూఫ్ చేత్తో మడిచేదా కరెంటుదా చెబితే ఆ కారులో ఇంకేం చూడాలో వివరంగా రాస్తాను.