డేటా రేస్ అంటే పందెమా?

సందేహం: మాస్టారూ, మాది శ్రీకాకుళం, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ల మీద పని చేస్తుంటాను. మొన్న డేటా రేస్ (data race) అనే లోపం రాకుండా చేసిన ఒక మార్పు గురించి తెలుగులో "సంభావ్య దత్తాంశ పందేన్ని ఫిక్స్ చేశాను" అని రాస్తే మావాళ్లంతా ఒకటే నవ్వు. తప్పెక్కడుంది?

సమాధానం: నవ్వరా మరి! ముందు ఆ ఫిక్స్ సంగతి చూడు బాబూ, ఇంగ్లీషులో దానికి బాగుచేయడం అనే అర్థం ఉన్నా మన నోట్లో పడ్డాక ఖాయం చేయడం అయిపోయింది, పెళ్లి ఫిక్స్, ముహూర్తం ఫిక్స్, చివరికి మ్యాచ్ ఫిక్స్. పందేన్ని ఫిక్స్ చేశానంటే డబ్బులు తిని ఎవరు గెలవాలో ముందే తేల్చేశావనుకుంటారు.

అసలు పందెం అన్న మాటే అక్కడ నప్పదు. పందెమంటే ఏదో ఒడ్డాలి, ఎవడో ఒకడు గెలవాలి, ఇక్కడ గెలిచేవాడే లేడు. డేటా రేస్ అంటే, మెమరీలో ఒకే చోటుని రెండు థ్రెడ్లు (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) ఒకదానికొకటి చెప్పుకోకుండా ఒకేసారి ముట్టుకుంటాయి, అందులో ఒకటైనా రాస్తుంటుంది, అంతే కదా. మీ కోడి రామ్మూర్తి స్టేడియంలో మ్యాచ్ ఆడుతున్నారనుకో, బోర్డు దగ్గర కుర్రాడు 199 తీసి 200 పెడుతున్నాడు, మొదటి పలక మార్చి మిగతావి మార్చేలోపు నువ్వు తలెత్తి చూస్తే 299 కనబడుతుంది, ఆ స్కోరు ఎవడూ కొట్టలేదు! 32 బిట్ల మెషీన్లో 64 బిట్ల ప్యాకెట్ల లెక్కని రెండు ముక్కలుగా చదివినా ఇదే గొడవ. దీన్ని పందెమంటే ఎలా?

ఇక సంభావ్య. గౌరవించదగిన అనే అర్థం కూడా దానికుంది, మా విజయనగరంలో అయితే పురోహితుడికిచ్చే సంభావనే గుర్తొస్తుంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి జిల్లావాడివి, "రావొచ్చు" ఉండగా నీకిదెందుకు?

దత్తాంశం కూడా వద్దు, డేటా అందరికీ తెలుసు. లినక్స్ కెర్నల్లో 2020లో 5.8 వెర్షన్‌తో వచ్చిన కేసీశాన్ (KCSAN, ఇలాంటి లోపాల్ని పట్టిచ్చే సాధనం) కూడా డేటా రేస్ అనే రిపోర్టు ఇస్తుంది, ఆ పేరు అలాగే ఉంచి "డేటా రేస్ రావొచ్చు, రాకుండా లాక్ వేశాను" అని రాయి. లాక్ (ఒకరి పని అయ్యేదాకా ఇంకొకర్ని ఆపేది) వెయ్యకుండా రీడ్ వన్స్, రైట్ వన్స్ (READ_ONCE, WRITE_ONCE, ఆ చదవడం, రాయడం ఒక్కసారే చెయ్యమని కంపైలర్‌కి చెప్పే మాటలు) పెట్టి వదిలేసుంటే మాత్రం "రేస్ మొత్తం పోయింది" అనకు, ఎవరు ముందు ఎవరు వెనక అన్న తగువు ఇంకా ఉండొచ్చు.