ట్రక్కు ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఆటోనగర్ బోల్టులు వేయవచ్చా?

ప్రశ్న: అన్నయ్యా, మాది గుంటూరు. ఉద్యోగం మీద టెక్సస్ వచ్చి పాత షెవర్లే సిల్వరాడో పికప్ ట్రక్కు కొన్నాను. క్రాస్ (షాఫ్ట్ కొనన ఉండే కీలు) అరిగితే, ఇంజను శక్తిని వెనక ఇరుసుకు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ నేనే విప్పాను. వెనక వైపు రెండు బోల్టుల మరలు చెడిపోయాయి. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో కొని పంపిస్తానంటున్నారు. లేకపోతే ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణంలో దొరికినవి వేయవచ్చా?

జవాబు: రెండూ వద్దు తమ్ముడూ. ఆటోనగర్‌లో లారీకి దొరకని బోల్టు ఉండదన్న నాన్నగారి నమ్మకం న్యాయమైనదే. అయితే అక్కడి సరుకు టాటా, లేలాండ్ బండ్లకు తగినది. సిల్వరాడో బోల్టు ఏదో అక్కడి దుకాణదారుకు తెలిసే అవకాశం తక్కువ. నీ బండి ఏ సంవత్సరానిదో చెప్పి, డీలర్ దగ్గర విడిభాగం నంబరుతోనే కొను. క్రాస్‌ను పట్టి ఉంచే పట్టీలుంటే అవి కూడా కొత్తవే తీసుకో. ఒకసారి బిగించిన పట్టీ సాగిపోతుంది. దాన్ని తిరిగి వాడకూడదు.

హార్డ్‌వేర్ దుకాణంలో మోసపోయేది కొలత దగ్గరే. 5/16 అంగుళం బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మర మాత్రం వేరు. తప్పు బోల్టు ఒకటి రెండు చుట్లు బుద్ధిగా తిరిగి, తర్వాత మొరాయిస్తుంది. అప్పుడు పానాతో బలవంతం చేశావా, బోల్టుతో పాటు అది దిగే రంధ్రంలోని మర కూడా పోతుంది. వేళ్లతో నాలుగైదు చుట్లు సాఫీగా దిగని బోల్టుకు పానా తగిలించకు. హైవే మీద ఈ షాఫ్ట్ నిమిషానికి 2,000 చుట్లకు పైగా తిరుగుతుంది. ముందు వైపు ఊడి నేలకు తగిలితే బండిని ఎత్తి పడేయగలదు. నాలుగు డాలర్ల పొదుపు కోసం చూసుకునే చోటు కాదిది.

ఇక బిగింపు. ఆటోనగర్ మేస్త్రీ చేతి లెక్క ఏళ్ల తరబడి అబ్బింది, మనకు లేదు. బిగింపు బలం కొలిచి చూపే టార్క్ రెంచి అద్దెకు తెచ్చుకో. మాన్యువల్‌లో అంకె ఫుట్ పౌండ్లలో ఉందో, న్యూటన్ మీటర్లలో ఉందో రెండుసార్లు చూడు. ఒక ఫుట్ పౌండు 1.36 న్యూటన్ మీటర్లకు సమానం. కొత్త బోల్టుకు ముందే జిగురు పూసి లేకపోతే, మరలు శుభ్రంగా తుడిచి నీలం రంగు మర జిగురు ఒక చుక్క వెయ్యి. ఎర్రది వద్దు, తర్వాత వేడి చేస్తే తప్ప విడవదు.

క్రాస్ కొనల మీది బేరింగ్ గిన్నెలు ఊడకుండా టేపు చుట్టి ఉంచు. లోపలి సన్నని బేరింగ్ సూదుల్లో ఒకటి అడ్డంగా పడినా గిన్నె పూర్తిగా కూర్చోదు. కూర్చోని గిన్నెను బోల్టుతో లాగి సర్దాలని చూడకు. విప్పి, సూదులు నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టు.

షాఫ్ట్ లేనప్పుడు గేరు పార్క్‌లో ఉన్నా వెనక చక్రాలు ఆగవని మరిచిపోవద్దు. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, వెనక ఇరుసును స్టాండ్ల మీద నిలబెట్టాకే కిందకి దూరు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు.

విప్పేటప్పుడు షాఫ్ట్ మీద, అది వెనక ఇరుసుకు కలిసే పినియన్ ఫ్లాంజ్ మీద గీత గీశావో లేదో నువ్వు రాయలేదు. గీత ఉంటే రెండూ కలిపి బిగించు. లేకపోతే ఎలాగో ఒకలా బిగించి నడిపి చూడు. వేగం పెరిగేకొద్దీ అదురు వస్తే షాఫ్ట్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించు.