ఫొటో కింద పేరెవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. జర్మనీలోని కళల, డిజైన్ల బడి బౌహౌస్‌లో ఉన్నవాళ్ళ జీవితాల మీద తెలుగులో ఇంత ఓపిగ్గా రాయడానికి పూనుకున్నందుకు ముందుగా సంతోషం. ఇక నచ్చనివి చెబుతాను, నొచ్చుకోకు.

1919లో వైమార్‌లో వాస్తుశిల్పి గ్రోపియస్ ఆ బడి పెట్టాడు, 1925లో అది దెస్సావుకు మారింది, 1932లో బెర్లిన్ చేరింది, 1933లో నాజీల ఒత్తిడికి మూతపడింది. ఈ నాలుగు ముక్కలకీ నాలుగు పేజీలు తీసుకున్నావు. ఆ తర్వాతే మనుషులొచ్చారు, తలా ఒక పేరా, పుట్టుక నుంచి చావు దాకా. పేరాకో "చెరగని ముద్ర". లెక్కపెట్టాను, తొమ్మిది. బడి నడిచింది పద్నాలుగేళ్ళే. అందులో చదివినవాళ్ళలో కొందరు ఆ తర్వాత అరవై ఏళ్ళు బతికారు, కొందరిని బతకనివ్వలేదు. నువ్వు రాయవలసిందంతా అక్కడుంది.

నా పొరపాటొకటి చెబుతాను. చాలా ఏళ్ళ కిందట దెస్సావు భవనం మీద నేనూ ఓ వ్యాసం రాశాను. గాజు గోడ మీద పడ్డ వెలుగు గురించి ఒక పేజీ పొడుగున పొంగిపోయాను. నేను చూసింది భవనాన్ని కాదు, ఒక ఫొటోని. దాన్నే వ్యాసంతో పాటు వేసి, కింద "శిల్పి: గ్రోపియస్" అని రాశాం. ఫొటో తీసిందెవరని నేనూ అడగలేదు, పత్రికవాళ్ళూ అడగలేదు.

తీసింది లూసియా మొహోలీ. 1894లో ప్రాగ్‌లో పుట్టిన మనిషి. భర్త లాజ్లో మొహోలీ-నాజ్ అక్కడ మాస్టరు కాబట్టి చాలాకాలం ఆమెను ఫలానావారి భార్యగానే చెప్పుకున్నారు. దెస్సావు భవనాన్నీ, మాస్టర్ల ఇళ్ళనీ, వర్క్‌షాపులో తయారైన వస్తువులనీ పెద్ద చెక్క కెమెరాతో గాజు పలకల మీదికి ఎక్కించింది. మనం ఇవాళ బౌహౌస్ అనగానే కళ్ళముందు మెదిలే బొమ్మల్లో చాలా మటుకు ఆమె చూపే. 1933లో ఆమె బెర్లిన్ ఇంట్లోనే ఆమె సహచరుడు, కమ్యూనిస్టు నాయకుడు నొయ్‌బావర్‌ను అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే ఆమె దేశం వదిలిపెట్టింది. దాదాపు 560 గాజు నెగెటివ్‌లను వెంట మోసుకుపోవడం ఎలా? అవి చేతులు మారి గ్రోపియస్ దగ్గరికి చేరాయి, ఆయన సామానుతో అమెరికా వెళ్ళాయి. 1938లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో బౌహౌస్ ప్రదర్శన పెట్టినప్పుడు కేటలాగులో ఆమె ఫొటోలున్నాయి, ఆమె పేరు లేదు. లండన్‌లో ఫొటోలు తీసి పొట్టపోసుకుంటున్న ఆమెకు, తన పని ఇదీ అని చూపించుకోవడానికి ఆ పనే చేతిలో లేదు. ఉత్తరాలు, లాయర్లు, ఏళ్ళు. 1957లో సుమారు 230 తిరిగొచ్చాయి.

గ్రోపియస్‌ను దొంగగా రాయమని కాదు. అలాగని ఆయన్ని కాపాడే బాధ్యతా నీకు లేదు. తేదీలు వరసగా పెట్టు చాలు, చదివేవాడికి తెలివుంది.

కలకత్తా సంగతితో మొదలుపెట్టావు. 1922 డిసెంబరులో బౌహౌస్ చిత్రకారులు క్లే, కాండిన్‌స్కీ, ఫైనింగర్ బొమ్మలు అక్కడ ప్రదర్శనకొచ్చిన మాట నిజమే. కానీ మనకూ చుట్టరికం ఉందని చెప్పుకోవాలన్న తాపత్రయం తప్ప నీ వ్యాసానికి దానితో పనిలేదు. తీసెయ్.

నీకు నిజంగా చుట్టరికం ఉన్నది వేరేచోట. మీ తాతగారి గుంట మగ్గం పక్కన పెరిగాననీ, బౌహౌస్ నేతగత్తె గుంటా స్టోల్జల్ పేరు చూసి నవ్వొచ్చిందనీ ఉత్తరంలో రాశావే, ఆ నవ్వు వ్యాసంలో ఎందుకు లేదు? వార్ప్, వెఫ్ట్ అని రాశావు. పడుగూ పేకా నీ ఇంట్లో మాటలు! ఆడవాళ్ళకీ సమానంగా చోటిస్తామని మొదలైన బడి, ఏడాది తిరక్కుండానే వాళ్ళని మగ్గాల వైపు తోసింది. గాజు పని నేర్చుకోవాలని వచ్చిన ఆనీ ఆల్బర్స్ కూడా అక్కడే తేలింది. స్టోల్జల్ ఆ మగ్గాల గదిని చేతిలోకి తీసుకుని నడిపింది. పాలస్తీనా నుంచి వచ్చిన యూదు వాస్తుశిల్పి ఆర్యే షరోన్‌ను 1929లో పెళ్ళాడినందుకు జర్మన్ పౌరసత్వం పోయింది. గది తలుపు మీద ఎవరో స్వస్తిక గుర్తు తగిలించారు. 1931లో బడి వదిలి స్విట్జర్లాండ్ వెళ్ళి, మళ్ళీ మగ్గం పెట్టుకుంది.

అదే మగ్గాల గదిలోని ఓటీ బెర్గర్‌కి నువ్విచ్చింది రెండు వాక్యాలు. సరిగా వినపడని మనిషి, బట్టను వేళ్ళతో చదివిన మనిషి. లండన్ దాకా వెళ్ళగలిగింది. తల్లికి జబ్బుగా ఉందని 1938లో యుగోస్లావియాకు తిరిగి వచ్చింది. 1944లో నాజీల మరణ శిబిరం ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఈ మధ్యలో ఉన్నదంతా రాయి.

దాని పక్కనే, విడిగా పేరా చెయ్యకుండా, ఫ్రిట్జ్ ఎర్టల్‌ను పెట్టు. అతనూ బౌహౌస్ విద్యార్థే. ఆష్‌విట్జ్-బిర్కెనావు బారకాసుల ప్లాన్లు గీసినవాళ్ళలో ఒకడు. 1972లో వియన్నా కోర్టు నిర్దోషిగా వదిలేసింది. అదే బడిలో చదివిన ఫ్రాంజ్ ఏర్లిక్ మరో నాజీ క్యాంపు బుకెన్‌వాల్డ్‌లో ఖైదీ. క్యాంపు గేటు మీద "ఎవరికి దక్కేది వారికి" అన్న మాటలకి అక్షరాలు గీయమని క్యాంపును నడిపే నాజీ దళం ఎస్‌ఎస్ వాళ్ళు పురమాయిస్తే, తన బడి నేర్పిన పొందికతోనే గీశాడు. ఆ అక్షరాలు లోపలున్నవాళ్ళు చదివేలా లోపలికి తిప్పి ఉంటాయి. మంచి డిజైన్ మంచి మనుషుల్ని చేస్తుందని నీ ముగింపులో ఉంది కదా, ఆ వాక్యం ఈ ముగ్గురి ముందు చదివి చూసుకో. నేనైతే కొట్టేశాను, ఎర్ర సిరాతో.

రెండో ప్రతి దసరా లోపు పంపు. ప్రతి ఫొటో కిందా తీసినవాళ్ళ పేరు నువ్వే రాయి, ఎడిటర్ చూసుకుంటాడులే అనుకోకు. ఇంకొకటి. 1930లో ఆనీ ఆల్బర్స్ బెర్నావులోని కార్మిక సంఘాల స్కూలు హాలుకి ఒక గుడ్డ నేసింది. ఒకవైపు చప్పుడును పీల్చుకుంటుంది, రెండోవైపు వెలుతురును తిప్పికొడుతుంది. అందులో నూలుతో పాటు సెల్లోఫేన్ ఉంది. మీ తాతగారిని అడుగు, సెల్లోఫేన్‌ని నూలుతో కలిపి నెయ్యాలంటే మగ్గం మీద ఏమేం తిప్పలొస్తాయో. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, దానితో మొదలుపెట్టు.