‘ప్రాసెస్ క్వాలిటీ’ ఉద్యోగంలో చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేసింది. రుషికొండలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ‘ప్రాసెస్ క్వాలిటీ ట్రెయినీ’గా ఆఫర్ ఇచ్చింది. సీఎంఎంఐ లెవెల్ 3 కంపెనీ అట. కోడింగ్ లేని ఫైళ్ల ఉద్యోగం, ఇరుక్కుపోతుందని బంధువులు భయపెడుతున్నారు. ముందు ద్వారకానగర్‌లో సీఎంఎంఐ కోర్సు చేయించమని మరొకరి సలహా. మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: కోర్సుకి మాత్రం ఇప్పుడు డబ్బు కట్టకండి. సీఎంఎంఐ అంటే సంస్థ పనిచేసే పద్ధతి ఎంత పక్కాగా ఉందో 1 నుంచి 5 లెవెల్స్‌లో చెప్పే కొలమానం. ఆ లెవెల్ సంస్థకో, అందులోని ఒక విభాగానికో ఇచ్చేది, మనిషికి కాదు. దాని గడువూ మూడేళ్లే. అందుకే ఆ లెవెల్ 3 ఏ విభాగానికి, ఎప్పుడు వచ్చిందో అమ్మాయిని అడగమనండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు.

సాఫ్ట్‌వేర్ పని ఏ కాంట్రాక్టరుకి అప్పగించాలో తేల్చుకోవడానికి అమెరికా రక్షణ శాఖకు ఒక కొలమానం కావాల్సి వచ్చింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ మొదలుపెట్టిన కృషి 1991లో సీఎంఎం (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్)గా వచ్చింది. దాని వారసురాలే సీఎంఎంఐ. క్లయింట్లు లెవెల్ అడుగుతారు కాబట్టే మన కంపెనీల్లో ఈ ఉద్యోగాలున్నాయి.

లెవెల్ 1లో ప్రాజెక్టు గట్టెక్కేది ఇద్దరు ముగ్గురు సీనియర్ల నైట్‌అవుట్ల మీద. లెవెల్ 2లో ప్రతి ప్రాజెక్టుకీ ప్లాను, లెక్కా ఉంటాయి. లెవెల్ 3కి వచ్చేసరికి సంస్థ మొత్తానికీ ఒక పద్ధతి ఉంటుంది, ప్రాజెక్టులు దాన్ని తమకు తగ్గట్టు మలచుకుంటాయి. 4, 5ల్లో గణాంకాలదే రాజ్యం. మీ అమ్మాయి పని ఆ పద్ధతి నిజంగా నడుస్తోందా అని చూడటం: కోడ్ రివ్యూ (రాసిన కోడ్‌ను మరొకరు సరిచూడటం) జరిగిందా, దొరికిన తప్పులు నమోదయ్యాయా, క్లయింటు మధ్యలో కోరిన మార్పుకు ఎవరు ఒప్పుకున్నారు?

నాకున్న సందేహం ఇక్కడే. పదేళ్లు కోడ్ రాసిన టీమ్ లీడ్ దగ్గరికి ఒక ఫ్రెషర్ వెళ్లి ‘మీ రివ్యూ సరిగా లేదండీ’ అంటే వింటాడా? ఈ రంగంలో రాణించేవాళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లు టెస్టింగో డెవలప్‌మెంటో చేసి వచ్చినవాళ్లే. బంధువుల మాట సగం నిజం.

చేతిలో టెస్టింగ్ ఆఫర్ ఉంటే, జీతం కాస్త తక్కువైనా అదే మేలు. లేకపోతే ఇందులోనే చేరనివ్వండి, ఖాళీగా కూర్చోవడం కంటే నయం. కాకపోతే మొదటి ఏడాదిలో కొన్ని నెలలైనా ప్రాజెక్టు టీమ్‌లో వేస్తారా అని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. డిఫెక్టుల (సాఫ్ట్‌వేర్‌లో దొరికిన తప్పుల) డేటా చేతికిస్తారా అనీ అడగమనండి. ఇస్తే ఎస్‌క్యూఎల్, పైథాన్ అక్కడే పదునెక్కుతాయి. లెవెల్ కోసం జరిగే మదింపు దగ్గరపడ్డాక పాత తేదీలతో ఫారాలు నింపించే చోటైతే, ఆర్నెల్లలో వేరే ఉద్యోగం చూసుకోవడమే మంచిది.