ప్రీమియర్ షార్ట్‌కట్స్ గుర్తుండట్లేదా? నా చేతికి ఎలా అలవాటయ్యాయో చెప్తా

"వీడియో ఎడిటింగ్‌కి ప్రీమియర్ ప్రో నేర్చుకుంటున్నా, నాలుగు పేజీల షార్ట్‌కట్స్ లిస్టు ప్రింట్ తీసి గోడకి అంటించా, రెండు వారాలైనా కంట్రోల్ జెడ్ తప్ప ఏదీ గుర్తుండట్లేదు, మా ఫ్రెండ్ మొత్తం మౌస్‌తోనే లాగించేస్తాడు, అసలు ఇవన్నీ అవసరమా" అని అడిగావు కదా తమ్ముడూ, ఆ గోడ మీద లిస్టు దగ్గరే మొదలుపెడతా ఎందుకంటే నేనూ అదే చేశా. గోడకి కాదు, లామినేషన్ చేయించి టేబుల్ అద్దం కింద పెట్టా. ఏడాది తర్వాత తీసి చూస్తే దాని మీద టీ గ్లాసు మరకలే ఉన్నాయి, అందులోది ఒక్కటి కూడా చూసి నేర్చుకున్నది లేదు.

2013లో తెనాలిలో ఒక పెళ్లి వీడియోల స్టూడియోలో చేరా. అప్పట్లో మా దగ్గర ఎడిటింగ్ అనేవాళ్లు కాదు, మిక్సింగ్ అనేవాళ్లు, పెద్దవాళ్లు ఇప్పటికీ అదే అంటారు. స్టూడియోలో ఎడియస్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉండేది, ప్రీమియర్‌కి నేను మారింది తర్వాత. మాఘమాసం ముహూర్తాలు, ఒకదాని మీద ఒకటి పెళ్లిళ్లు, అప్పుడు నా సిస్టమ్ మౌస్‌కి జబ్బు చేసింది, ఎడమ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకునేది, క్లిప్ పట్టుకుని లాగుతుంటే మధ్యలో వదిలేసేది. రాత్రి పదకొండింటికి మౌస్ ఎవడు అమ్ముతాడు, పొద్దున్నే పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ కోసం వస్తారు. ఇక చచ్చినట్టు కీబోర్డ్ మీద పడ్డా. స్పేస్ కొడితే ప్లే, స్పేస్ కొడితే ఆగుద్ది, బాణం గుర్తులతో ఒక్కో ఫ్రేమ్ జరుపుకోవడం, ఎడియస్‌లో సి కొడితే కట్, డిలీట్. ఈ నాలుగే. తెల్లారేసరికి పని అయిపోయింది, అంతకంటే వింత ఏంటంటే మర్నాడు కొత్త మౌస్ వచ్చినా నా చెయ్యి దాని మీదకి పోలేదు.

అందుకే చెప్తున్నా, ఇది బుర్రతో గుర్తుపెట్టుకునే విషయం కాదు. సైకిల్ బ్రేక్ ఎటు ఉందో నువ్వు గుర్తుపెట్టుకున్నావా? ఇప్పుడు నన్ను ఎవరైనా ఫోన్ చేసి "అన్నా ఫలానా దానికి షార్ట్‌కట్ ఏంటి" అంటే నోటితో వెంటనే చెప్పలేను, కీబోర్డ్ మీద చెయ్యి పెట్టి వేలు ఎక్కడికి పోతుందో చూసి అప్పుడు చెప్తా.

అవసరమా అన్నదానికి అందరూ స్పీడ్ పెరుగుద్ది అంటారు, పెరుగుద్ది నిజమే, కానీ నా దృష్టిలో అసలు లాభం అది కాదు, చూపు బొమ్మ మీంచి పక్కకి పోదు. తలంబ్రాల సీన్ అనుకో. పెళ్లికూతురు దోసిలి ఎత్తింది, పోసింది, పెళ్లికొడుకు తల దించాడు, ఆమె నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆ చెయ్యి లేచే ముందు ఫ్రేమ్‌లో కట్ పడాలి. మౌస్‌తో అయితే నువ్వేం చేస్తావంటే నీ కళ్లు ఆ పిల్ల మొహం వదిలేసి టూల్స్ దగ్గరికి పోతాయి, కోసే టూల్ రేజర్ పట్టుకుంటావు, కిందకొచ్చి టైమ్‌లైన్‌లో, అదే క్లిప్పులు వరుసగా పేర్చే చోట, ఎక్కడ ప్లే అవుతుందో చూపించే ఆ నిలువు గీత ఎక్కడుందో వెతికి దాని మీద క్లిక్ చేస్తావు, అది రెండు ఫ్రేములు అటో ఇటో పడుద్ది, మళ్లీ జూమ్ చేసి సర్దుతావు, ఈలోపు ఆ నవ్వు ఎక్కడ మొదలైందన్న ఫీల్ పోయింది. కంట్రోల్ కె కొడితే అయిపోయేదానికి ఇంత తతంగం.

ముందు జె, కె, ఎల్ పట్టుకో. ఎల్ ముందుకి, జె వెనక్కి, కె ఆపడానికి. ఎల్ రెండోసారి కొడితే స్పీడ్ పెరుగుద్ది, ఇంకోసారి కొడితే ఇంకా. పంతులుగారు అరగంట మంత్రాలు చదివే ఫుటేజ్ అంతా నేను ఎల్ మీదే పరిగెత్తిస్తా. ఇక కె నొక్కి పట్టుకుని ఎల్‌ని ఒకసారి తడితే ఒక్క ఫ్రేమ్ ముందుకి, జె తడితే ఒక్క ఫ్రేమ్ వెనక్కి, కె తో పాటు ఎల్ గానీ జె గానీ నొక్కి ఉంచితే అటువైపు స్లోగా నడుస్తుంది. మనం ఎక్కువగా సెకనుకి 25 ఫ్రేముల్లో చేస్తాం కదా, కనురెప్ప మూతపడే ముందు ఆపాలంటే ఈ తట్టడమే దిక్కు. ఇంకో సంగతి, జె కీ మీద చిన్న గీత లాంటి ఉబ్బు ఉంటుంది, తడిమి చూడు, ఎఫ్ మీద కూడా ఉంటుంది, టైపింగ్ వాళ్ల కోసం పెట్టింది. కుడి చూపుడువేలు ఆ ఉబ్బు మీద పెడితే మిగతా రెండు వేళ్లు కె, ఎల్ మీదే పడతాయి, కళ్లు కిందకి దించక్కర్లేదు. కావాల్సిన ముక్క ఎక్కడ మొదలో ఆ ఇన్ పాయింట్‌కి ఐ, ఎక్కడ ఆఖరో ఆ అవుట్‌కి ఓ, ఆ రెండూ సరిగ్గా వాటి పైనే ఉన్నాయి చూడు.

కుడిచెయ్యి మౌస్ మీద ఉంటే జె కె ఎల్ ఎలా కొట్టాలి అని నీకు డౌట్ వస్తుంది, నాకూ వచ్చింది. రఫ్ కట్, అంటే మొదటి విడత కోత టైమ్‌లో మౌస్ వదిలేయాలి, అంతే. కుడిచెయ్యి జె కె ఎల్ మీద, ఎడమచెయ్యి క్యూ, డబ్ల్యూ మీద. క్యూ కొడితే ఆ క్లిప్‌లో గీతకి ఎడమ వైపున్నదంతా ఎగిరిపోయి ఖాళీ కూడా మూసుకుంటుంది, డబ్ల్యూ కొడితే కుడివైపుది. కీబోర్డ్ మీద కూడా క్యూ ఎడమ, డబ్ల్యూ కుడి, ఇంక గుర్తుపెట్టుకోవడానికేముంది. ఎల్ తో పరిగెత్తు, పనికొచ్చేది మొదలైనచోట క్యూ, అయిపోయినచోట డబ్ల్యూ, మళ్లీ ఎల్. నాలుగైదు గంటల పెళ్లి ఫుటేజ్‌ని ఇలా కోసుకుంటూ పోతుంటే వడ్లు దంచినట్టు ఒక లయ వస్తుంది, మధ్యలో ఎవరైనా పలకరిస్తే చిరాకేస్తది.

కానీ ఈ రెండింటితో నేను తిన్న దెబ్బ కూడా చెప్పాలి. ఒక పెళ్లి హైలైట్స్, నాలుగు నిమిషాలది, మొత్తం అయిపోయింది, గట్టిమేళం సౌండ్ విడిగా కింద ట్రాక్‌లో పెట్టి లాక్ చేశా, తాళి ముడి పడే షాట్ సరిగ్గా మేళం అందుకునే చోట కూర్చోబెట్టా. తర్వాత మొదట్లో మండపం షాట్ కొంచెం పొడుగైందనిపించి అలవాటు కొద్దీ డబ్ల్యూ కొట్టా. షాట్ పొట్టిదైంది, ఆ వెనకున్న బొమ్మలన్నీ ముందుకి జరిగాయి, లాక్‌లో ఉన్న మేళం మాత్రం కదల్లేదు. నేను మళ్లీ మొదటినుంచి చూడకుండా ఎక్స్‌పోర్ట్ పెట్టేశా. పెళ్లికూతురి మేనమామ టీవీలో చూసి "తాళి కట్టేశాక కొడుతున్నారేంటయ్యా మేళం" అన్నాడు, ఆయనకి ఎడిటింగ్ గురించి ఏమీ తెలీదు, చెవికి తెలిసిపోయింది. అందుకని క్యూ, డబ్ల్యూ, షిఫ్ట్ డిలీట్, ఈ ఖాళీలు మూసేవన్నీ పాట పెట్టకముందే. పాట పెట్టాక కంట్రోల్ కె తో కోసి, మామూలు డిలీట్ కొట్టి, ఆ ఖాళీలో ఇంకో షాట్ పెట్టుకో.

కంట్రోల్ కె నాకు ఎలా గుర్తుండిపోయిందంటే కె అంటే కోత అనుకున్నా. షిఫ్ట్ కూడా కలిపితే అన్ని ట్రాకులకీ కోత. ఇలా నీకు నచ్చింది ఏదో ఒకటి అనుకో, ఎంత పిచ్చిగా ఉంటే అంత బాగా గుర్తుంటుంది. ఎమ్ కొడితే టైమ్‌లైన్ మీద గుర్తు పెట్టే మార్కర్, ఎస్ కొడితే క్లిప్పులు ఒకదానికొకటి అతుక్కునే స్నాప్, వి కొడితే క్లిప్ పట్టుకునే బాణం టూల్, ఇవి ఎలాగూ వచ్చేస్తాయి.

మిగతావి ఎలా అంటే, ఒక చిన్న కాగితం పక్కన పెట్టుకుని ఒక గంట మామూలుగా పని చెయ్, నీ చెయ్యి మౌస్‌తో ఏ మెనూలోకి ఎక్కువసార్లు పోతుందో దానికి గీత పెట్టు. ఎక్కువ గీతలు పడ్డది ఒక్కటే తీసుకో. నాకైతే టైమ్‌లైన్ జూమ్ చేయడానికి కింద ఉన్న ఆ బార్ పట్టుకుని లాగడమే ఎక్కువ పడింది, దానికి ప్లస్, మైనస్ కీలు ఉన్నాయని తెలీకుండానే ఏడాది గడిపా, మొత్తం టైమ్‌లైన్ ఒకేసారి కనపడాలంటే ఎంటర్ పైనున్న వెనక్కి వాలిన గీత కీ ఉంటుంది, అది కొడితే చాలు. ఆ ఒక్కటి వేళ్లకి పట్టేదాకా రెండోది ముట్టుకోవద్దు. మొదటి రెండు రోజులు మౌస్ కంటే స్లో అవుతావు, చిరాకొస్తుంది, డెలివరీ ఉన్న రోజు మొదలుపెట్టకు.

ఇంకా చాలామంది కొత్తవాళ్లు "షార్ట్‌కట్ కొట్టినా పని చేయట్లేదు" అని వదిలేస్తారు, దానికి నాకు తెలిసి రెండే కారణాలు. ఒకటి, ప్యానెల్, అంటే స్క్రీన్ మీద ఒక్కో పనికి ఉండే గడి. ఏ ప్యానెల్ చుట్టూ నీలం గీత ఉందో కీ దానికే పోతుంది, నువ్వు టైమ్‌లైన్ అనుకుని స్పేస్ కొడితే విడి క్లిప్పులు చూసుకునే సోర్స్ ప్యానెల్‌లో ఇంకేదో ప్లే అవుతుంటది. షిఫ్ట్ 3 కొడితే టైమ్‌లైన్‌కి వచ్చేస్తావు. రెండోది మన తెలుగువాళ్ల ప్రత్యేకం. టైటిల్స్‌లో చి.ల.సౌ. అని పేర్లు టైప్ చేయడానికి తెలుగు కీబోర్డ్ ఆన్ చేస్తాం, మళ్లీ ఇంగ్లిష్‌కి మార్చడం మర్చిపోతాం, ఇక సి లేదు వి లేదు ఏదీ పలకదు. నేను ఒకసారి ఇది తెలీక సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, అయినా పలకలేదు, పక్క సీటు అబ్బాయి వచ్చి విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొట్టాడు, సెట్ అయిపోయింది. వాడి మొహంలో నవ్వు ఇంకా గుర్తుంది నాకు. గ్రాఫిక్స్, ఎఫెక్ట్స్ చేసే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే క్యాప్స్ లాక్ చూసుకో, అది ఆన్‌లో ఉంటే ప్రివ్యూ కదలదు, సిస్టమ్ హ్యాంగ్ అయిందనుకుంటాం.

కీలు మార్చుకోవడం గురించి: కంట్రోల్ ఆల్ట్ కె కొడితే కీబోర్డ్ బొమ్మ వస్తుంది, ఏది దేనికో రంగుల్లో కనపడుద్ది, అక్కడే మార్చుకోవచ్చు. కానీ మొదటి ఆరు నెలలు మార్చొద్దు అంటా. నీది సొంత సిస్టమ్ అయితే సరే, రేపు స్టూడియోలో చేరితే పగలు ఒకళ్లు రాత్రి ఒకళ్లు అదే సిస్టమ్ మీద కూర్చుంటారు, నువ్వు మార్చిన కీ మీద అవతలివాడు వాడి అలవాటుతో కొడతాడు, పొద్దున్న తిట్లు నీకే. నేను చివరికి మార్చింది ఒక్కటే, షిఫ్ట్ డిలీట్‌కి కుడి చివరిదాకా పోవాల్సి వస్తుందని, ఎడమచేతికి అందే, నేను ఎప్పుడూ వాడని ఒక కీకి దాన్ని ఇచ్చుకున్నా. ఆ సెట్టింగ్ కేవైఎస్ అనే ఎక్స్‌టెన్షన్‌తో చిన్న ఫైల్‌గా సేవ్ అవుతుంది, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని తిరుగుతా. రేపు డావిన్చీ రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారినా భయం లేదు, దాని కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ప్రీమియర్ ప్రో అని ప్రీసెట్ ఉంటుంది, అది పెట్టుకుంటే వేళ్లు చాలావరకు సర్దుకుంటాయి.

మీ ఫ్రెండ్ విషయానికొస్తే వాడిని ఎగతాళి చేయకు. కలర్ సరిచేయడం, మాస్క్ గీయడం, ఆడియో లెవెల్స్ అక్కడక్కడ దించడం, వీటికి నేనూ మౌసే వాడతా. ముప్పై సెకన్ల రీల్స్ మాత్రమే చేసేవాడికి పెద్ద తేడా కూడా తెలీదు. పెళ్లి ఫుటేజ్‌కో, రెండు గంటల ఇంటర్వ్యూకో కూర్చున్న రోజు తెలుస్తుంది, మణికట్టు చెప్తుంది.

ఆన్‌లైన్‌లో రంగురంగుల ఎడిటింగ్ కీబోర్డులు, స్టిక్కర్లు అమ్ముతారు, కొనమంటావా అని చివర్లో అడిగావు. వద్దు. స్టిక్కర్లు నేను కొన్నా, రెండు నెలల్లో కె, ఎల్ మీదవి అరిగి ఊడిపోయాయి, ఎప్పుడూ కొట్టని కీల మీదవి మాత్రం ఇప్పటికీ కొత్తగా మెరుస్తున్నాయి. ఆ డబ్బులతో మంచి మౌస్ కొనుక్కో.

నీది ల్యాప్‌టాపా డెస్క్‌టాపా చెప్పలేదు. చిన్న ల్యాప్‌టాప్ అయితే డిలీట్ కీ ఏదో మూలన ఇరుక్కుని ఉంటుంది, పైన ఎఫ్ కీలకి ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాల్సి రావచ్చు, మోడల్ ఏదో రాయి, ఏ కీ ఎటు మార్చుకుంటే బాగుంటుందో చూసి చెప్తా. ఇంకోటి, కంట్రోల్ ఎస్ సంగతి చెప్పలేదనుకునేవు, మా దగ్గర కరెంట్ పోయే తీరుకి అది షార్ట్‌కట్ కాదు, ప్రతి రెండు కట్లకి ఒకసారి వేలు దానంతట అదే పోతుంది.